బాల్ లేని ఇన్నింగ్స్

ఉద్యమం ఊపు మీదున్న ఆ రోజుల్లో మా రఘునాథపల్లిలో అసాధ్యమనిపించే పనులు రెండే: రాష్ట్రం తేవడం, నన్ను రెండో ఓవర్ దాకా క్రీజులో నిలబెట్టడం. నేను ఓపెనర్‌ని. మొదటి బాల్‌కే ముందుకు దూకి, కళ్లు మూసుకుని (తెరిస్తే భయమేసేది) బ్యాట్ ఊపేవాణ్ణి. తగిలితే బాల్ పొలాల్లో, తగలకపోతే వికెట్లు నేలమీద. జనగామ టోర్నమెంటులోనూ ఇదే కథ. "వీడు ఆటకు పోయిండా? చాయ్ పొయ్యి మీద పెట్టుండ్రి, మరిగేలోపు వస్తడు" అనేవాడు మా బాపు. ఊళ్లో నా పేరు తుఫాను.

ఒక బంద్ రోజున హైవే మీద రాస్తారోకో. రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు అంతకుముందు బంద్‌లోనే అయిపోయింది కాబట్టి ఈసారి రోడ్డు మీద క్రికెట్ అన్నారు. "ఆట అయిపోంగనే లేవాలె" అని ఎస్సై షరతు పెట్టాడు. మా కెప్టెనన్న నన్ను పక్కకు పిలిచి, "తమ్మీ, మధ్యాహ్నానికి దేవరుప్పుల ర్యాలీ గిక్కడికొస్తది. అందాక రోడ్డు మనదే ఉండాలె. నీకు దండం పెడ్త, కొట్టకు. జర ఆపుకుంట నిలబడు" అన్నాడు. నేను ఒట్టేశాను. కానీ ఆగిపోయిన బస్సుల మీదా లారీల మీదా ఎక్కి జనం చూస్తున్నారాయె. అంతమంది నా ఆట ఎన్నడూ చూడలేదు. మొదటి బాల్‌కే చెయ్యి లేచింది. బాల్ వెళ్లి ఆగి ఉన్న గడ్డి లారీలో పడింది. ఎంత వెతికినా దొరకలేదు. మా దగ్గర ఉన్నది అదొక్కటే.

ఆటసామాన్లు అమ్మే మామ దుకాణానికి పరుగెత్తి షట్టర్ బాదాను.

"ఒక్క బాల్ ఇయ్యి మామా!"

"బంద్ గద అల్లుడా" అన్నాడు మామ లోపలి నుంచే. "పొద్దుగాల జెండ పట్టుకొచ్చి మూపిచ్చింది నువ్వే. ఉద్యమానికి ద్రోహం నేను చెయ్య."

తిరిగొచ్చేసరికి ఎస్సై లాఠీ ఊపుతూ, "బాల్ పాయె, ఆట పాయె. ఇగ లేవుండ్రి" అంటున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ర్యాలీ వచ్చేసరికి రోడ్డు మీద బస్సులు తిరుగుతుంటే ఊళ్లో ముఖమెలా చూపించను? అప్పుడు బౌలింగ్ చేస్తున్న మా బావ వెనక్కి నడిచి పరుగెత్తుకొచ్చి ఖాళీ చెయ్యి విసిరాడు. నేను ఎడమ కాలు ముందుకేసి బ్యాట్ నిలువుగా ఆనించాను.

"మంచిగ ఆపినవ్ తమ్మీ!" కెప్టెనన్న కేకేశాడు. లారీల మీద నుంచి చప్పట్లు.

"ఏంది గిది?" అన్నాడు ఎస్సై.

"టెస్ట్ మ్యాచ్ సార్" అన్నాడు అంపైర్‌గా నిలబడ్డ తాత. "గిట్లనే ఉంటది."

ఎస్సై నవ్వు దాచుకుంటూ జీపు నీడకు పోయాడు (ఆయనదీ ఈ నేలే మరి). ఎండ నడినెత్తికెక్కేదాకా ఆడాను. మధ్యలో బావ నన్ను బౌల్డ్ చేశానని గొడవ పెట్టుకుంటే తాత నోబాల్ ఇచ్చాడు, అందులో అబద్ధమేమీ లేదు. డప్పులు వినబడి, మలుపులో దేవరుప్పుల జెండాలు కనబడేసరికి నేనింకా క్రీజులోనే ఉన్నాను.

రాష్ట్రం వచ్చింది. నాకు బట్టతలా వచ్చింది. నీ జీవితంలో గొప్ప ఇన్నింగ్స్ ఏదని మా పిల్లలు అడిగితే ఏం చెప్పను? చెప్పినా నమ్మరు. కానీ ఇప్పటికీ బస్సు ఆ చోటికి రాగానే, సీట్లో కూర్చున్న నా ఎడమ కాలు దానంతటదే కొంచెం ముందుకు జరుగుతుంది.