ఆఖరి బెంచీ నుంచి వచ్చిన పాట

ముఖర్జీ నగర్‌లో ఉన్న మూడేళ్ళలో నేను ఒక్క ఆదివారం కూడా చర్చి మానలేదు. జ్వరం వచ్చినా వెళ్ళాను. అంత భక్తి ఉందని అప్పట్లో అందరూ అనుకునేవారు. నేనూ అనుకున్నాను.

సివిల్స్ రాయడానికి గుంటూరు జిల్లా నుంచి దిల్లీ వచ్చాను. మూడో అంతస్తులో మరో ఇద్దరమ్మాయిలతో కలిసి ఒక గది. పొద్దున కోచింగ్, తర్వాతంతా లైబ్రరీ. ఆదివారం మధ్యాహ్నం మాత్రం పుస్తకాలు మూసేసి, రిక్షాలో యూనివర్సిటీ మెట్రో స్టేషన్‌కి, అక్కణ్ణించి రైల్లో ఊరి నడుమకి వెళ్ళేదాన్ని. అక్కడ ఒక పాత చర్చిలో పొద్దుటి ఆరాధనలు ముగిశాక, మూడు గంటలకి వెనకాల ఉన్న హాలు తెలుగువాళ్ళకి ఇచ్చేవారు. యాభై అరవై మందిమి ఉండేవాళ్ళం. గుర్గావ్, నోయిడాల్లో కంప్యూటర్ ఉద్యోగస్తులు, ఆసుపత్రుల్లో నర్సులు, నాలాంటి విద్యార్థులు. ఇక్కడే పుట్టిన పిల్లలు తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకుని పాడేవాళ్ళు.

నాది మంచి గొంతు. చిన్నప్పుడు మా నాన్న హార్మోనియం ముందు కూర్చోబెట్టి నేర్పించారు. చేరిన రెండో నెలలోనే పాస్టరుగారు పాటలు నడిపించే పని నాకు అప్పగించారు. నేను దాన్ని పరీక్ష కంటే పట్టుదలగా తీసుకున్నాను. ఎవరు ఎక్కడ అందుకోవాలో, చరణం ఎన్నిసార్లు పాడాలో కాగితం మీద రాసి ఇచ్చేదాన్ని.

నాకున్న ఇబ్బందల్లా ఒకే ఒక్క మనిషితో. ఆయన అశోకా రోడ్‌లో ఒక గెస్ట్‌హౌస్ క్యాంటీన్‌లో వంటమాస్టారు. యాభై దాటాయి. ఒంగోలు వైపు మనిషి. అందరికంటే ముందొచ్చి హాల్లో కుర్చీలూ బెంచీలూ సర్దేవాడు. తర్వాత మొదటి బెంచీలో కూర్చుని, నా ఎదురుగా, గొంతు చించుకుని పాడేవాడు. శృతి లేదు, తాళం లేదు. అందరూ పల్లవి ముగించాక కూడా ఆయన ఒక్కడూ ఇంకో రెండు మాటల దూరంలో ఉండేవాడు. వెనక కుర్రాళ్ళు నవ్వు ఆపుకునేవాళ్ళు.

ఒక క్రిస్మస్ ముందు ఇక ఆగలేక ఆయన దగ్గరికి వెళ్ళాను.

"అంకుల్, ఏమనుకోకండి. మీ గొంతు మైకులో పడుతోంది. మిగతావాళ్ళకి శృతి పోతోంది. కొంచెం మెల్లిగా పాడతారా?"

ఆయన చేతిలో ఉన్న కుర్చీ కింద పెట్టి, "అట్టాగేలేమ్మా, అట్టాగే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

మరుసటి ఆదివారం ఆయన ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. పెదాలు కదులుతున్నాయి కానీ గొంతు రావడం లేదు. ఆ ఏడు క్రిస్మస్ పాటలు ఎంత బాగా కుదిరాయంటే, పాస్టరుగారి భార్య నన్ను కావిలించుకుని మెచ్చుకున్నారు. వెనక బెంచీ సంగతి నాకు గుర్తే రాలేదు.

ఆ ఏడాదే నేను ఇంటర్వ్యూ దాకా వచ్చాను. మూడో ప్రయత్నం. నా ప్రార్థనలన్నీ ఆ ఒక్కదాని చుట్టూనే తిరిగేవి. నేను నీ సంఘంలో పాటలు నడిపిస్తున్నాను, ఒక్క వారం మానలేదు, ఉపవాసాలున్నాను, నా పేరు లిస్టులో ఉండాలి, అంతే. వస్తే అందరి ముందూ నిలబడి నువ్వు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతాను అని మాటిచ్చాను. ఆ సాక్ష్యంలో మాటలు కూడా మనసులో కూర్చుకున్నాను. ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకున్నానంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మే నెలలో ఒక శుక్రవారం ఫలితాలొచ్చాయి. సైబర్ కేఫ్‌లో జనం కిటకిటలాడుతున్నారు. లిస్టు మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి చూశాను. నా నంబరు లేదు. వెనక నిలబడ్డవాడు "దీదీ, అయిపోయిందా?" అని అడిగితే లేచి వచ్చేశాను.

రెండు రోజులు సరిగ్గా తినలేదు. ఇంటికి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పి పెట్టేశాను. ఆదివారం చర్చికి వెళ్ళకూడదనుకున్నాను. అయినా అలవాటైన కాళ్ళు తీసుకుపోయాయి. హాల్లో ఎవరికీ విషయం తెలియదు. మైకు ముందు నిలబడ్డాను. ఆ రోజుకి ముందే రాసిచ్చిన మొదటి పాట, దేవుడు చేసిన మేళ్ళన్నిటికీ కృతజ్ఞతలు చెప్పే పాత కీర్తన. చిన్నప్పటి నుంచీ పాడుతున్నదే. మొదటి లైను పాడాను. రెండో లైనులో "మేలు" అనే మాట దగ్గర గొంతు ఆగిపోయింది.

గొంతు ఆగింది దుఃఖం వల్ల కాదు. అబద్ధం చెబుతున్నానని అర్థమై ఆగింది. ఇన్నాళ్ళూ నేను దేవుడికి పాడలేదు. నాకు కావలసిందాని కోసం పాడాను. అది ఇవ్వలేదు కాబట్టి ఇప్పుడు నా దగ్గర పాట లేదు.

కీబోర్డు వాయించే అబ్బాయి ఆ లైనే రెండుసార్లు వాయించి నా వైపు చూశాడు. అందరూ చూస్తున్నారు. కూలర్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు ఆఖరి బెంచీ నుంచి రెండో లైను వినిపించింది. అదే గొంతు. అయిదు నెలలుగా వినని గొంతు. కీబోర్డుకి ఎక్కడా సంబంధం లేకుండా, పెద్దగా, తప్పుగా. ఆయన లేచి నిలబడి ఒక్కడే ఆ లైను, తర్వాతి లైను పాడుకుంటూ పోయాడు. కీబోర్డు అబ్బాయి చేతులు తీసేశాడు. పల్లవి రెండోసారికి ఒక నర్సక్క అందుకుంది. తర్వాత పిల్లలు. తర్వాత హాలంతా. నేను మైకు పక్కనే నేల మీద కూర్చుని విన్నాను. దిల్లీ వచ్చాక నేను చేసిన మొదటి ఆరాధన అదేనని ఇప్పటికీ అనుకుంటాను. అందులో నేను పాడింది ఒక్క లైను.

ప్రార్థన అయ్యాక, ఫలితం సంగతి చెబితే అందరూ వచ్చి ఓదార్చి వెళ్ళారు. ఆయన మాత్రం బెంచీలు సర్దుతున్నాడు. నేనే దగ్గరికి వెళ్ళాను.

"ఎందుకు అందుకున్నారు అంకుల్?"

"నువ్వు ఆగిపోయినావు గదమ్మా. పాట నడిమధ్యన వదిలేస్తే ఎట్టా?"

"ఆ రోజు మిమ్మల్ని మెల్లిగా పాడమన్నాను. తప్పు చేశాను. క్షమించండి."

"అబ్బే, నాకు శృతి లేదని నాకు తెలవదా? మా ఆవిడ బతికున్నప్పుడు చర్చిలో పక్కన కూర్చుని గిల్లేది, మెల్లిగా పాడమని." నవ్వాడు. తర్వాత బెంచీ మీద కూర్చున్నాడు. "ఆమె పోయిన తర్వాత ఆదివారం నేనూ నీలాగే ఉన్నాను. ఆమె జబ్బు నయం చెయ్యమని యాడాది పొడుగునా అడిగాను దేవుణ్ణి. ఇంక అడగటానికేం మిగల్లేదు. ఊరికే పోయి కూర్చున్నా. అడిగేదేమీ లేకపోయినా ఆయన దగ్గర కూర్చోవాలనిపించింది చూడు, ఆ రోజు తెలిసింది నాకు, నేను ఆయన మనిషినని."

ఆయన నా మొహం చూసి, "అన్నం తిన్నావా?" అన్నాడు. లేదన్నాను.

నన్ను బస్సెక్కించి అశోకా రోడ్ తీసుకెళ్ళాడు. క్యాంటీన్ అప్పుడు మూసి ఉంది. వెనక తలుపు తీసి, స్టవ్వు వెలిగించి, వేడి అన్నం, దోసకాయ పప్పు చేసి పెట్టాడు. నేను రెండోసారి పెట్టించుకున్నాను. ఆయన ఎదురుగా కూర్చుని సాయంత్రం వంటకి ఉల్లిపాయలు తరుక్కుంటూ, ఫలితాల గురించి ఒక్క మాట కూడా అడగలేదు. ఇంకోసారి రాయమనీ చెప్పలేదు, దేవుడు ఇంకేదో మేలు దాచి ఉంచాడనీ చెప్పలేదు. అలా చెప్పనందుకు ఆయనకి ఎంతో రుణపడి ఉన్నాను.

తర్వాతి ఆదివారం నేనే వెళ్ళి ఆయన్ని మొదటి బెంచీకి పిలుచుకొచ్చాను. "మళ్ళీ శృతి పోద్దేమోనమ్మా" అన్నాడు. "పోనివ్వండి" అని, మైకునే రెండు అడుగులు అవతలకి జరిపాను. పాటలు మునుపంత చక్కగా రాలేదు. ఒకరిద్దరు నాతో ఆ మాట అన్నారు కూడా. నిజమే, ఒప్పుకున్నాను.

నేను మళ్ళీ పరీక్ష రాయలేదు. ఒక స్కూల్లో సోషల్ టీచరుగా చేరి దిల్లీలోనే ఉండిపోయాను. ఓడిపోయానన్న బాధ ఒక్కరోజులో పోలేదు. రెండేళ్ళు పట్టింది. పేపర్లో కొత్త లిస్టు వచ్చినప్పుడల్లా ఆ పేజీ తిప్పేసేదాన్ని. కానీ ఆదివారాలు మాత్రం తేలికయ్యాయి. అడగాల్సినవి అడుగుతాను, అడక్కుండా ఉండలేను. అడగడం ముగిశాక వెంటనే లేచి వచ్చేయకుండా కాసేపు కూర్చోవడం ఆ వంటమాస్టారి దగ్గర నేర్చుకున్నాను.

కొన్నేళ్ళకి ఆయన వంట మానుకుని కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. బయల్దేరే ముందు ఆదివారం, పాస్టరుగారు ఆయన్నే ప్రార్థన చెయ్యమన్నారు. ఆయన కళ్ళు మూసుకుని, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు మాట్లాడాడు. దిల్లీ చలిలో పొయ్యి దగ్గర పని ఇచ్చినందుకు, తన చేతి వంట తిన్నవాళ్ళందరి కోసం, ఈ హాలు కోసం, పిల్లలు వచ్చీరాని తెలుగులో పాడుతున్నందుకు స్తోత్రం చెప్పాడు. తన ప్రయాణం గురించి గానీ, ఆరోగ్యం గురించి గానీ ఏదైనా అడుగుతాడేమోనని అందరం ఎదురుచూశాం. ఆయన ఆమెన్ అని, బెంచీ కింద పెట్టుకున్న చెప్పులు వెతుక్కున్నాడు.