బొమ్మల దర్జీ

గల్ఫు దేశంలో, మబేలాలోని దర్జీ కొట్టులో జానెడు మనుషులకు బట్టలు కుట్టేవాడు ఖాసింపీరా ఒక్కడే. ఆర్మేనియా నుంచి వచ్చిన గయానే మేడం తమ దేశపు జానపద కథలను బొమ్మలతో సినిమాలుగా తీసేది. ఆ బొమ్మల కోట్లూ పావడాలూ ఇతని చేతి పనే. పెదాల మధ్య గుండుసూదులు బిగించి, బొత్తాల బదులు ఆవగింజంత పూసలు కుట్టేవాడు. తొడిగిన ప్రతి కోటునూ చిటికెన వేలితో భుజం దగ్గర సర్దేవాడు.

2009 వేసవిలో ఒక శుక్రవారం, జుమ్మా నమాజు ముగించుకుని, కథలోని కొడుకు పాత్ర బొమ్మకు కుట్టిన నల్ల కోటు పట్టుకుని మేడం ఇంటికి వెళ్లాడు. బల్ల మీద పోసిన మట్టిలో చిన్న సమాధి గుంట తవ్వి ఉంది.

"కథలో తల్లి చనిపోయింది. కొడుకు మట్టి వేస్తాడు. చెయ్యి కొంచెం కదపాలి, ఫొటో తియ్యాలి. మళ్లీ కొంచెం," అని ఆమె వచ్చీరాని హిందీలో చెప్పింది.

ఖాసింపీరా బొమ్మకు కోటు తొడిగి, చిటికెన వేలితో భుజం దగ్గర సర్దాడు.

"మా యమ్మ పోయినేడు పోయింది మేడం. పనికి పిలిపించిన కఫీలు పాస్‌పోర్టు ఇయ్యలేదు, ఊరికి పోలేకపోతి. మా తమ్ముడే మట్టేసినాడు," అన్నాడు. "ఈ చెయ్యి నేను కదిపేదా?"

ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది. అతను వేలికొసతో బొమ్మ మోచేతిని వెంట్రుకవాసి జరిపేవాడు, ఆమె ఫొటో తీసేది. పిడికెడు మట్టి గుంటలో పడేసరికి మధ్యాహ్నం వాలి, అసర్ నమాజుకు పిలిచే బాంగు వినిపించింది.

"సినిమాలో ఇది మూడు సెకన్లే ఉంటుంది," అందామె నొచ్చుకుంటూ.

"సాలు మేడం," అన్నాడు ఖాసింపీరా, బొమ్మ చెయ్యి వదలకుండానే.