ఐదు రోజుల సూదిమందు

పొట్టంతా చీముపట్టిన మనిషికి ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలో తేల్చుకునే ముందు నేను అడిగేది ఒక్కటే. ఇంతకుముందు ఏ మందు వాడారు? మా అనకాపల్లి ఆసుపత్రిలో దీనికి జవాబు రాబట్టడం కంటే ఆపరేషన్ చెయ్యడం సులువు. "ఎర్ర మూత సీసా బాబూ" అంటారు. గట్టిగా అడిగితే "పవరున్నదే" అంటారు.

ఓసారి ఎస్. రాయవరం వైపు నుంచి ఒక చెరకు రైతును తెచ్చారు. అపెండిక్స్ పగిలి రోజులైంది, పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. గానుగ దగ్గర అతని వంతు వచ్చిందట. వదిలేస్తే నరికిన చెరకు ఎండిపోతుందని నొప్పితోనే బెల్లం పెనం దగ్గర నిలబడ్డాడట. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఊళ్లో ఎవడో సూదులు పొడిచే ఉంటాడు, వాణ్ణి పోలీసులకు పట్టిస్తాను!" అని వరండా దద్దరిల్లేలా అరిచి, అప్పుడు అడిగాను ఏం వాడారని.

"ఏటీ వాడనేదు బాబూ," అంది రైతు భార్య. పక్కనున్న ఆమె అన్న తల దించుకున్నాడు.

ఆపరేషన్ చేసి చీము కడిగాను. అందులోని క్రిమి మీద ఏ మందు పనిచేస్తుందో చూడమని కొంత ల్యాబుకు పంపాను. రిపోర్టు వచ్చేదాకా ఆగలేం కదా, మామూలుగా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షను, దాంతోపాటు మెట్రోనిడజోల్ మొదలుపెట్టాను. పెద్ద మందులు అందరికీ వాడేస్తే రేపు ఎవరికీ పనిచెయ్యవని నా పట్టుదల. మూడు రోజులైనా జ్వరం దిగలేదు, పైగా బీపీ పడిపోసాగింది. రిపోర్టు చూస్తే సెఫ్ట్రియాక్సోన్‌ను ఆ క్రిమి లెక్కే చెయ్యడం లేదు.

ఇక తప్పక పెద్ద మందు మెరోపెనెమ్ రాసి చీటీ ఆ అన్న చేతిలో పెట్టాను. మూడు రోజులూ మందులన్నీ కొని తెచ్చింది అతనే. చీటీ చదివి, మందుల కొట్టుకు వెళ్లకుండా నా దగ్గరికే వచ్చాడు.

"పాత ఇంజక్షను ఆపేత్తన్నారా బాబూ? అదే నేను ఐదు రోజులు సేసేను. గానుగ కాడికే ఎల్లి సేసేను."

ఊళ్లో సూదులు పొడిచేవాడు ఇతనే!

"మొదటి రోజే చెబితే ఈ మందు అప్పుడే ఇచ్చేవాణ్ణి కదయ్యా!"

"సెబుదావనే నోరు తెరిసేను బాబూ. తమరు పోలీసులకి పట్టిత్తానన్నారు."

రైతు బతికాడు. కానీ ఆలస్యమైనందుకు లోపల మళ్లీ చీముపట్టి, పొట్ట రెండోసారి కొయ్యాల్సి వచ్చింది. చెకప్‌కు వచ్చినప్పుడల్లా చొక్కా ఎత్తి, "రొండు గీతలు బాబూ" అని నవ్వుతూ నాకు దండం పెడతాడు. రెండోది నా నోటి పుణ్యమేనని అతనికి ఇప్పటికీ చెప్పలేదు.