జమ్ము వెనక గూడు

ఫ్రీస్లాండ్‌లోని ఆ చిన్న ఊరి ఫొటో క్లబ్బులో అందరూ ఫ్రౌకెను పిన్నీ అనే పిలుస్తారు, కొంచెం భయంగానే. వెన్న ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి యంత్రాల మోతను మించి మాట్లాడిన గొంతు ఆమెది. ఉద్యోగం అయిపోయాక ఆ గొంతు తనంతట తాను నిద్రపోయే చోటు ఒక్కటే దొరికింది: వసంతంలో, కాలువ గట్టు కింద, నీటి అంచున పెరిగే జమ్ముగడ్డి వెనక.

అక్కడ ఆమె తడినేల మీద మోకరిల్లి, పాత లెన్సును జమ్ము ఆకులకు దాదాపు ఆనించి, వెలుతురు వచ్చే దాని కన్ను పూర్తిగా తెరిచేది. అంత దగ్గరగా ఉన్న ఆకులు కరిగిపోయి పచ్చటి మంచు అయ్యేవి. మంచు నడుమ నీళ్లమీద తేలే గూడు, గూట్లో తురాయి తల నీటిపక్షి, దాని ఎర్రటి కన్ను. కెమెరాకు వదిలేస్తే ఫోకస్ ఆకు మీదే ఆగిపోతుంది. అందుకే వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా లెన్సును చేత్తో తిప్పుకునేది.

ఆ ఉదయం వెళ్లేసరికి జమ్ము లేదు.

ఎవరో తలుపు తీసినట్టు, గూటి ముందంతా కోసేశారు. బెదిరి లేచిన పక్షి దూరంగా నీళ్లలో తచ్చాడుతోంది. ఎప్పుడూ గుడ్ల మీద నాచు కప్పి గానీ గూడు దిగని పక్షికి ఇవాళ ఆ తీరికా చిక్కలేదు. నాలుగు గుడ్లు ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి. అవతల కంచె గుంజ మీద కాకి.

గట్టు కింద ఫొటో క్లబ్బు కుర్రాడు వీబ్రెన్, అతని ముందు ఫిరంగిలాంటి లెన్సు.

"ష్, పిన్నీ! వంగు. పక్షి వస్తుంది."

"ఎవర్రా కోసింది?"

గొంతు లేవబోయింది. పళ్ల మధ్య నొక్కిపట్టింది. అరిస్తే పక్షి ఇక రాదు.

"నేనే. నాలుగు పోచలేగా. అవి అడ్డముంటే ఫోకస్ ఎక్కడ పడుతుంది?"

"నీకు వేళ్లు లేవా? తిప్పుకోడానికేం రోగం?"

"నాది నీ ముసలి లెన్సు కాదు పిన్నీ."

"ఏ లెన్సయినా ఆకుకి ఆనిస్తే ఆకు కనపడదు. కనపడనిదాన్ని కోస్తావురా, దద్దమ్మా?"

"నువ్వు గుసగుసగా తిడుతుంటే నవ్వొస్తోంది."

"లే. గట్టు వెనక్కి పద. నువ్విక్కడుంటే అది రాదు, కాకి వస్తుంది."

"ఒక్క నిమిషం. ఆ వెలుతురు చూడు!"

ఫ్రౌకె తన ఉన్ని టోపీ తీసి అతని లెన్సుకు తొడిగేసింది. వీబ్రెన్ దాన్ని లాగబోయాడు. అంతలో కాకి గూటి అంచున వాలి, ఒక గుడ్డును ముక్కున కరుచుకుని లేచిపోయింది. చప్పుడే లేదు. అతని చెయ్యి టోపీ మీదే ఉండిపోయింది.

ఈసారి ఆమె వెంట పాకాడు. గట్టు వెనక తడిగడ్డిలో ఇద్దరూ బోర్లా పడుకున్నారు. చాలాసేపటికి పక్షి వచ్చింది. గూటిచుట్టూ ఒకసారి తిరిగింది. ఎక్కి, గుడ్లను ముక్కుతో సర్దుకుని, కూర్చుంది.

"ఇంకా మూడున్నాయిగా," అన్నాడు వీబ్రెన్ మెల్లగా.

ఫ్రౌకె అతని సంచిలోంచి జమ్ము కోసిన తోటకత్తెర లాగింది. కాలువ నడుమకు విసరాలని చెయ్యి లేచింది. నీళ్లు చిందితే పక్షి మళ్లీ లేస్తుంది. చెయ్యి దించింది. కత్తెరను తన కోటు జేబులో కుక్కుకుంది.

"మంగళవారం క్లబ్బుకి రా," అంది ఊపిరంత గొంతుతో. "అక్కడ గూళ్లు లేవు. అక్కడ మాట్లాడతాను నీతో."