రశీదు లేని కంప్యూటరు

మొదట పోయినవన్నీ కూడి చెబుతాను. చీటీ పాటలో వదులుకున్నది ఆరు వేలు. గది అడ్వాన్సు పదిహేను వందలు. నేను అడిగిన పార్టులకూ పెట్టెలో దొరికిన పార్టులకూ ధరలో తేడా నాలుగు వేల నాలుగు వందలు. నెలకు పద్దెనిమిది వందల చొప్పున పదకొండు నెలల పాల బిల్లుల పని, పంతొమ్మిది వేల ఎనిమిది వందలు. మొత్తం ముప్పై ఒక్క వేల ఏడు వందలు. బస్సు చార్జీలు ఇందులో కలపలేదు. కలిపితే పిసినారి అంటారు. కలపకపోయినా అన్నారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను పుంగనూరు నుంచి రోజూ బస్సులో మదనపల్లెకు పోయి ఒక టమోటా మండీలో లెక్కలు రాసేవాడిని. బడి చదువు ఎనిమిదితో ఆగింది. కూడికలు, వడ్డీలు మండీలోనే నేర్చుకున్నాను. ఆ రోజుల్లో పుంగనూరులో ఒక ప్రైవేటు డెయిరీ, పాలు పోసే రైతులకు పదిహేను రోజులకోసారి ఇచ్చే బిల్లులను చేత్తో రాయించేది. కంప్యూటరులో కొట్టి ఇస్తే ఏడాది పాటు పని నాకే ఇస్తామన్నారు. ఒక్కటే షరతు పెట్టారు.

"బిల్లు రోజు తప్పితే రైతులు వచ్చి గేటు కాడ కూసుంటారు. వాళ్ల తిట్లు నేను తినలేనప్పా. ఒక్కసారి తప్పినా పని ఇంకొకరికి ఇచ్చేస్తా" అన్నాడు మేనేజరు.

ఒప్పుకున్నాను. ఇంకొకరి మండీలో ఇంకొకరి లాభం రాయడం మానేసి సొంత గదిలో కూర్చుని బతకవచ్చని జీవితంలో మొదటిసారి అనిపించింది.

ముప్పై వేల చీటీని ఆరు వేలు వదులుకుని పాడాను. చేతికి ఇరవై నాలుగు వేలు వచ్చాయి. పాత ప్రింటరుకు నాలుగు వేలు, గదికి పదిహేను వందలు పోగా కంప్యూటరుకు మిగిలింది పద్దెనిమిదిన్నర వేలు. మధ్యాహ్నం మండీలో వేలం అయిపోగానే మదనపల్లె కంప్యూటరు షాపుల చుట్టూ తిరిగాను. ఏ పార్టు ఏం చేస్తుందో, అది లేకపోతే ఏమవుతుందో అడిగి తెలుసుకున్నాను. పాటలు వినే పని లేదు కాబట్టి స్పీకర్లు వద్దనుకున్నాను. సీడీ డ్రైవు కూడా వద్దు. మానిటరు పద్నాలుగు అంగుళాలు చాలు. అట్లా మిగిలిన డబ్బంతా కంటికి కనిపించని వాటి మీద పెట్టాను. మెమరీ నూట ఇరవై ఎనిమిది ఎంబీ, హార్డ్ డిస్కు కొత్తది, లోపల కరెంటు పంచే సప్లై మంచిది, బయట యూపీఎస్ కొత్త బ్యాటరీతో. మా వీధిలో ఎవరైనా మోటారు వేస్తే బల్బు ఎర్రబడుతుంది. అక్కడ పనిచేసే యంత్రానికి మొదట కావలసింది నిలకడైన కరెంటు.

మదనపల్లె షాపతను ఈ పార్టులకే బిల్లుతో సహా ఇరవై వేలు అన్నాడు. నా దగ్గర పదిహేను వందలు తక్కువ.

అప్పుడు మా ఇంటామె అంది: "కుప్పంలో నా తమ్ముడు ఉండంగా బయటోళ్ల కాడికి యాల?"

ఆమె తమ్ముడు కుప్పంలో కంప్యూటర్లు బిగించేవాడు. రైల్లో బెంగళూరు పోయి పార్టులు తెచ్చేవాడు. నేను రాసిన పార్టులే, నా దగ్గరున్న డబ్బుకే తెస్తానన్నాడు. డబ్బు చేతిలో పెడుతూ బిల్లు అడిగాను.

"బిల్లా! మా అక్కను ఇచ్చినప్పుడు రశీదు అడిగినావా బావా?"

అత్తగారింట్లో అందరూ పగలబడి నవ్వారు. మా మామ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. నేనూ నవ్వాను. మా వైపు బావమరిదిని బిల్లు అడగడమంటే వాడిని దొంగ అన్నట్టే. ఆ మర్యాద ఎవరి కోసం పుట్టిందో అప్పుడు ఆలోచించలేదు.

యంత్రం తెచ్చి గదిలో పెట్టినప్పుడు వాడే దానికి పసుపు రాసి, వెనక మూత మీదున్న స్టిక్కరుకు పెద్ద కుంకుమ బొట్టు పెట్టాడు. "ఈ స్టిక్కరు చినిగితే గ్యారంటీ పోతాది బావా. మూత ముట్టుకోవద్దు" అన్నాడు. పూజ చేసినదాన్ని, అదీ ఇంటివాడు చేసినదాన్ని, విప్పి చూస్తే ఎంత అవమానం! మండీలో టమోటా పెట్టె పైవరస చూసి ఎవరూ ధర కట్టరు, అడుగు దాకా చేయి పెడతారు. ఇక్కడ మాత్రం నేను బొట్టు చూసి ధర కట్టాను.

మొదటి నెల రెండు బిల్లులూ సమయానికే ఇచ్చాను. మూడో బిల్లుకు ముందురోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్కసారి కూసి ఆగింది. కరెంటు వచ్చాక హార్డ్ డిస్కు టకటకమని కొట్టుకుందే గాని లేవలేదు. రాసినదంతా ఫ్లాపీలో కాపీ ఉంది. దాన్ని తెరవడానికి ఆ పూట ఊళ్లో ఇంకో యంత్రం దొరకలేదు. కుప్పానికి ఫోన్ చేస్తే, "మీ పుంగనూరు కరెంటే అంత. నాలుగు దినాలు ఆగు బావా, వస్తా" అన్నాడు.

ఇంటామె అంతా వింది. తడిగుడ్డతో బొట్టు తుడిచి, స్క్రూడ్రైవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. "విప్పు" అంది.

విప్పాను. మెమరీ మీద అరవై నాలుగు అని ఉంది. హార్డ్ డిస్కు మీద ఎవరో పాత మార్కరుతో రాసిన అంకెలు సగం చెరిపి ఉన్నాయి. సప్లై చేత్తో ఎత్తితే ఖాళీ డబ్బాలా తేలిపోయింది. యూపీఎస్ బ్యాటరీ ఉబ్బి ఉంది. నేను ఏరి ఏరి డబ్బు పెట్టిన నాలుగూ, సరిగ్గా ఆ నాలుగే మార్చాడు. ఎక్కడ మారిస్తే కనబడదో వాడికి నేనే కాగితం మీద రాసిచ్చాను.

మర్నాడు రైతులు గేటు ముందు కూర్చున్నారు. సాయంత్రానికి పని ఇంకొకరి చేతికి పోయింది. గది వదిలేస్తే అడ్వాన్సు తిరిగి రాలేదు. నేను మళ్లీ మండీకి పోయాను.

కుప్పంలో పెద్దమనుషులను కూర్చోబెట్టారు. అందరూ వాళ్ల చుట్టాలే. మామే తీర్పు చెప్పాడు.

"పార్టుల తేడా నాలుగు వేల నాలుగు వందలు వాడు ఇచ్చేస్తాడు. పాల బిల్లులంటావా, అది నీ రాత."

"వడ్డీ?" అన్నాను.

"మనలో మనకు వడ్డీ ఏందప్పా! ఇనేటోళ్లు నవ్వరా?"

"నవ్వనీ నాయనా. ఆ పొద్దు రశీదు అడిగితే మీరంతా నవ్వలేదా?" అంది ఇంటామె. ఆ మధ్యాహ్నం మేమిద్దరం అక్కడ అన్నం తినకుండా బస్సెక్కాం.

తర్వాత ఒకసారి నాలుగు వందలు పంపాడు. అంతే. ఇప్పుడు వాడికి పెద్ద షాపు ఉంది, గోడ మీద బిల్లు అడిగి తీసుకోండి అనే బోర్డు కూడా ఉంది. పెళ్లిళ్లలో కనబడితే, "ఇంకా ఆ లెక్క పెట్టుకోనే ఉండావా బావా?" అని నలుగురి ముందు నవ్వుతాడు. పెట్టుకునే ఉన్నాను. పెద్దమనుషుల లెక్కలో వాడి బాకీ నాలుగు వేలు. వాళ్లు కట్టిన వెల వాళ్లే ఉంచుకోవచ్చు. నా పని నాకు తెలుసు, అది పోతే ఎంత పోయిందో తెలుసు. పంపిన నాలుగు వందలు తీసేశాను, వడ్డీ కలపలేదు. ఈ రోజుకూ రావలసింది ముప్పై ఒక్క వేల మూడు వందలు.