తలుపు తట్టిన ముగ్గురు

పోయిన వారం మా అల్లుడు ఇంటికి కొత్త గంట పెట్టించినాడు. రేణిగుంటలో మా వీధిలో అందరి ఇండ్లకీ ఉండాదంట, మనకు మాత్రం ఎందుకు లేదంట. నొక్కితే పిట్ట కూసినట్టు కూస్తాది. పెట్టించిన రోజే మిట్టమధ్యాన్నం ఎవురో నొక్కినారు. నేను వంటింట్లో కూర్చోని గోంగూర గిల్లతా ఉండాను. ఆ కూత ఇనంగానే ఒళ్ళో ఉండే ఆకంతా నేలపాలాయ. కిటికీలోంచి తొంగి చూస్తే చర్చి ఆడోళ్ళు, ముగ్గురు, నవ్వుకుంటా నిలబడుండారు. ఆశ్రమంలో పంచేదానికి పాత దుప్పట్లు అడగను వచ్చినారంట. వాళ్ళను లోపలికి పిలిచి, కుర్చీలేసి, నీళ్ళిచ్చి, నేల మీది ఆకు ఏరుకుంటా కూర్చున్నాను. మా కూతురు నా మొహం చూసి, "ఏందిమా, దెయ్యాన్ని చూసినట్టు ఉండావు?" అనింది. దెయ్యమైతే పర్వాలేదు. చెప్పాపెట్టకుండా ముగ్గురు మనుషులొచ్చి వాకిట్లో నిలబడితే ఎట్లుంటాదో దానికేం తెలుసు.

నేను ఇశ్రాయేలు దేశానికి పోయి, ముసలోళ్ళను చూసుకునే పని చేసినదాన్ని. నలబై దాటినాక చర్చి వాళ్ళ సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దినాను, అందుకని ఈ రాతలో వంకర్లుంటే అవి నావే, సర్దుకోండి. ముందర తిరుపతిలో ఒక ఆస్పత్రిలో ఆయాగా ఉండినాను. ఆ దేశంలో ఒక ముసలామెకి మలయాళమో అరవమో తెలిసిన మనిషి కావాలని ఏజెంటు చెప్పినాడు. నగరి పక్కన పుట్టినోళ్ళకి అరవం ఎవురూ నేర్పే పనిలేదు, పాలు తాగేటప్పుడే వచ్చేస్తాది. అట్లా పోయినాను. బైబిల్లో ఇశ్రాయేలు అని కూడబలుక్కొని చదివిన దేశం కదా, యాడ చూసినా గొర్రెలూ దేవదూతలూ ఉంటారనుకున్నాను. పోయి చూస్తే మా చిత్తూరు మాదిరే రాళ్ళ కొండలు, ఎండ, గొంతు చించుకొని మాట్లాడే మనుషులు.

నేను చూసుకున్న ముసలామె కొచ్చిలో పుట్టిన యూదురాలు. చిన్నపిల్లగా ఉన్నప్పుడే వాళ్ళ నాయనతో ఓడెక్కి ఆ దేశం పోయింది. ఆమెను అవ్వా అనేదాన్ని. ఆమె నన్ను మోళే అనేది, మలయాళంలో కూతురా అని. ఆమె మలయాళం, నా అరవం కలిపితే ఒక మాదిరి సంగటైతాది, ఇద్దరికీ కడుపు నిండేది. ఎనబై దాటినా చేపల పులుసు లేకుంటే ముద్ద దిగదు ఆమెకు. నా పులుసు నాలిక మీద పెట్టుకొని, "ఉప్పు తక్కువ, పులుపు జాస్తి, నీ నోరు ఇంకా జాస్తి" అనేది. "నోరు లేకుంటే నీకాడ ఎట్లా బతికేది అవ్వా" అని నేననేదాన్ని. ఇంట్లో ఆమె కూతురు కూడా ఉండేది, ఆస్పత్రిలో నర్సు, మొగుడు చనిపోయినాడు. ఆ కూతురికి ఒకడే కొడుకు. పొడుగ్గా, సిగ్గుగా, వాళ్ళవ్వ పులుసు కోసం పడి చచ్చే పిల్లోడు. యుద్ధం మొదలైనాక మిలిటరీలోకి పిలిచినారు, పోయినాడు.

భయమంటే ఏందో నాకు ఆ చలికాలమే తెలిసింది. బాంబులు పడతాయని సైరన్ మోగితే, ఇంట్లో ఇనప తలుపు పెట్టిన ఒక గది ఉండాది, దాంట్లోకి దూరి తలుపేసుకోవాల. ఒక గిన్నె కడిగేంత సేపే ఇస్తారు. అవ్వను చంకలో చెయ్యేసి ఎత్తుకొని పోయేదాన్ని. గోడలు అదిరేవి. సరిహద్దుకి అవతలి పక్క ఇండ్లలో అట్లాంటి గది కూడా లేదని టీవీలో చూసినాను, ఆ తల్లుల గుండెలు ఎట్లుండాయో దేవుడికే తెలియాల. నేను రాజకీయం తెలిసినదాన్ని కాదు, భయం తెలిసినదాన్ని. నా కూతురు దినామూ ఫోన్ చేసి, "అమా, వచ్చెయ్, సంగటి తిని బతకలేమా" అని ఏడిచేది. ముసలామెను ఎవురి చేతిలో పెట్టి వచ్చేది?

ఆ కాలంలోనే పెట్టెలు రావడం మొదలాయ. లోకంలో యాడాడనో ఉండే యూదులు, ఒక్కొక్క ఊరి సమాజమందిరం, అంటే వాళ్ళ గుడి, దాని వాళ్ళు, ఈడ కొన్ని సిపాయిల కుటుంబాలను మావి అని పెట్టుకొని, వాళ్ళకి సామాన్లు పంపిస్తారు. మేము కూడా ఎవురికో అట్లా వంతుకొచ్చినాము. ఉన్నితో అల్లిన టోపీలు, బిస్కెట్లు, పెదాలకు పూసుకునే మైనం, పిల్లకాయలు రంగులేసి గీసిన బొమ్మలు. అన్నిటికన్నా జాస్తిగా మేజోళ్ళు. ఏ పెట్టె తెరిచినా మేజోళ్ళే. "నా మనవడికి కాళ్ళు రెండేనని ఎవురైనా వాళ్ళకి చెప్పండే" అనేది అవ్వ. "జెర్రికి కూడా మిగిలిపోతాయి అవ్వా" అనేదాన్ని నేను. నవ్వుకునేవాళ్ళమే గానీ ఆమె ఒక్క బొమ్మ కూడా పారెయ్యనీలేదు. ఎవురో ఒక పాప గీసిన పచ్చ ట్యాంకు మీద పువ్వు మొలిచుంటాది, దాన్ని ఫ్రిజ్ మీద అంటించి, పొద్దన లేస్తానే చూసుకునేది. ముక్కూ మొహమూ తెలియనోళ్ళు మన బిడ్డ కోసం రాత్రుల్లో కూర్చోని అల్లతా ఉండారంటే, ఆ దారం పట్టుకొని బిడ్డ తిరిగొస్తాడని ఆమె నమ్మకం.

ఇప్పుడు ఒక పద్ధతి చెప్పాల. ఆ దేశంలో సిపాయి చనిపోతే ఫోన్లో చెప్పరు. మిలిటరీ వాళ్ళు ఇద్దరో ముగ్గురో ఇంటికే వచ్చి, తలుపు తట్టి, ఎదురుగా నిలబడి చెప్తారు. నానబెట్టరు. మన పక్క అట్లా కాదు, చావు కబురు ఎప్పుడూ సగమే చెప్తారు. మా నాయన పుత్తూరు కాడ లారీ కింద పడి పోయినప్పుడు నాకొచ్చిన కబురు, "నాయనకి రవంత జొరం, బిన్నా రా" అని. బస్సులో దావ పొడుగునా జొరానికి ఏ డాక్టరు మేలని ఆలోచించుకుంటా వచ్చినాను. వీధి మొదట్లో చావుకి కొట్టే పలకల శబ్దం ఇనపడినాకే తెలిసింది. ఏ పద్ధతి మేలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. కానీ వాళ్ళ పద్ధతి వల్ల ఊరంతటికీ తలుపు చప్పుడంటేనే వణుకు. అందుకని ఆ ఊళ్ళో సిపాయి ఉండే ఇంటికి ఎవురు పోయినా, గేటు ముట్టక ముందరే దావలో నుంచే అరిచేవాళ్ళు: "నేనే! మంచిమాటే!" అని. పాలకొచ్చినా, ఉప్పుకొచ్చినా అదే అరుపు. తోట అవతల ఉండే ఒకామె ఒకసారి తిట్టను వచ్చి కూడా, ముందర "మంచిమాటే!" అని అరిచి, ఆనక తిట్టింది.

ఒక రోజు మధ్యాన్నం అవ్వా నేనూ ఇద్దరమే ఉండాము. అవ్వ కూతురు డ్యూటీకి పోయుండాది. పిల్లోడి కాడ నుంచి చానా దినాలుగా ఫోన్ లేదు, సరిహద్దు దాటి లోపలికి పోయే ముందర ఫోన్లు తీసి పెట్టుకుంటారంట. పులుసు పొయ్యి మీద ఉండాది. బండి ఆగిన చప్పుడు ఇనపడింది. అరుపు లేదు. గేటు కిర్రుమనింది. కిటికీ పరదా రవంత జరిపి చూసినాను. యూనిఫారం తొడిగిన మొగోడు ఒకడు. గడ్డం ఉండే పెద్దాయన ఒకడు. నెరిసిన తల ఆడమనిషి ఒకామె. ముగ్గురూ గమ్మున వస్తా ఉండారు.

అవ్వ నా మొహం చూసి, "ఎంతమంది?" అనింది. నేను పరదా మూసేసినాను. అదే చెప్పినట్టాయ. తలుపు తట్టినారు. నేను అడుగు తీస్తే అవ్వ నా మణికట్టు పట్టుకుంది. పిడికెడు ఎముకలుండే మనిషి, అంత బలం యాడ నుంచి వచ్చిందో. "తియ్యొద్దు మోళే. తియ్యకుంటే వాళ్ళు చెప్పలేరు. చెప్పేదాకా నా బిడ్డ బతికే ఉంటాడు" అనింది. మళ్ళా తట్టినారు. ఆ భాషలో ఏదో పిలిచినారు. పులుసు మాడు వాసన కొడతా ఉండాది, పొయ్యి ఆపేదానికి కూడా ఆమె నన్ను కదలనీలేదు. నేను ప్రార్థన చేద్దామనుకున్నాను, చిన్నప్పటి నుంచి వచ్చిన ప్రార్థన, ఒక్క మాట గుర్తుకు రాలా.

అప్పుడు సైరన్ మోగింది.

బయట ముగ్గురూ గాబరా పడినారు, అటొకరు ఇటొకరు చూస్తా ఉండారు. దగ్గర్లో ఇంకో ఇల్లు లేదు, చుట్టూ కమలా తోట. అవ్వ నన్ను చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. మణికట్టు వదిలేసింది. "లోపలికి పిలువు. కబురు మాత్రం చెప్పొద్దని చెప్పు" అనింది.

తలుపు తీసి, ఒక్కొక్కరినీ రెక్క పట్టి ఇనప తలుపు గదిలోకి తోసినాను. అవ్వను ఎత్తుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టినాను. ఆమె కండ్లు మూసుకొని, రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుంది. గడ్డమాయన నోరు తెరవబోతే, నేను ఏలు పెదాల మీద పెట్టి ఉరిమి చూసినాను. పాపం, సైరన్ మోగేటప్పుడు మాట్లాడకూడదనే రూలు ఉందేమో అనుకున్నారు, ముగ్గురూ బడిపిల్లకాయల మాదిరి వరసగా కూర్చున్నారు. ఎంత మర్యాదగా ఉండారో నాకు అంత భయం ఎక్కువైంది. ఇంత మెత్తగా చూసేవాళ్ళు కబురు తేకుండా వస్తారా?

పెద్ద శబ్దం ఒకటి వచ్చింది. గోడ కదిలింది, దీపం ఊగింది. ఆ నెరిసిన తలామె కెవ్వుమని, పక్కనుండే అవ్వ చెయ్యి పట్టుకొని, పసిబిడ్డ మాదిరి ఏడిచేసింది. అవ్వ కండ్లు తెరిచింది. ఆమెను ఎగాదిగా చూసింది. చావు కబురు తెచ్చేవాళ్ళు ఎన్నో సైరన్లు చూసినోళ్ళు, ఇట్లా ఏడవరు. "ఎవురు మీరు?" అని వాళ్ళ భాషలో అడిగింది. ఆమె వెక్కతానే, వచ్చీరాని ఆ భాషలో, "మేజోళ్ళు తెచ్చినాము" అనింది.

మాకు పెట్టెలు పంపే ఊరి వాళ్ళే వాళ్ళు. సముద్రాల అవతల నుంచి, ఫోటోల్లో చూసిన కుటుంబాన్ని ఒకసారి కండ్లారా చూసిపోదామని వచ్చినారు. ఆశ్చర్యంగా ఉండాలని చెప్పకుండా వచ్చినారంట! యూనిఫారం వాడు సెలవు మీద ఉండే సిపాయి, వాళ్ళకు బండి తోలను ఒప్పుకున్నోడు. అవ్వ వాడి మీద పడింది. "వీళ్ళు పరాయి దేశమోళ్ళు, వీళ్ళకి తెలీదు. నీకు తెలీదా గాడిదా? మీ అమ్మ ఇంటికి ఇట్లే పోతావా?" అనింది. వాడు తల గోడకేసి కొట్టుకొని, "అమ్మ ఫోన్లో ఉండింది అవ్వా, ఆమెతో మాట్లాడతా మర్చిపోయినాను" అన్నాడు. నేను నవ్వినానో ఏడిచినానో నాకే తెలీదు.

సైరన్ ఆగి గదిలో నుంచి బయటికొచ్చినాక, మాడిపోంగా మిగిలిన పులుసే వాళ్ళకి పెట్టినాను. నెరిసిన తలామెకు కారం తగిలి ముక్కు కారతా ఉంటే అవ్వ, "ఇప్పుడు ఏడువు, దీనికి ఏడిస్తే తప్పులేదు" అనింది. ఆమె తన సంగతి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో సమాజమందిరం వాకిట్లో ఇప్పుడు పోలీసు కాపలా ఉండాదంట, మనవరాలు బడికి పోయేటప్పుడు మెడలో ఉండే యూదుల నక్షత్రం గొలుసు చొక్కా లోపల దాచుకుంటాదంట. ఆడ కూర్చోని టీవీలో చూస్తా భయపడేదానికన్నా, ఈడికొచ్చి మీతో పాటు భయపడేదే నయమనిపించిందంట. అవ్వ ఆమె తట్టలో ఇంకో చేప ముక్క ఏసింది.

అంతలో అవ్వ చెయ్యి గాలిలోనే ఆగిపాయ. "మోళే, కూతురొచ్చే వేళ. గేటు ముందర బండి ఉండాది" అనింది.

ఆ బండి మీద మిలిటరీ రంగు సంచి కట్టుండాది. నేను చెప్పులు కూడా తొడక్కుండా దావలోకి పరిగెత్తినాను. తోట చివర మలుపు కాడ కూతురి కారు ఆగుండాది. ఇంజను ఆడతా ఉండాది, ఆమె స్టీరింగు పట్టుకొని బొమ్మ మాదిరి కూర్చోనుండాది. మా గేటునే చూస్తా ఉండాది, ముందుకి రాదు, వెనక్కి పోదు. "మంచిమాటే! మంచిమాటే!" అని వాళ్ళ భాషలో అరిచినాను. అద్దాలు మూసుండాయి, ఇనపడలా. అరవంలో అరిచినాను. కడాకు తెలుగులో, "ఏం కాలేదు తల్లీ, బిడ్డ బాగుండాడు, మేజోళ్ళోళ్ళమ్మా, మేజోళ్ళోళ్ళు!" అని గుండెలు బాదుకుంటా అరిచినాను. బిడ్డ బాగుండాడని నాకు మాత్రం ఎట్లా తెలుసు? కానీ ఆ నిమిషానికి అట్లాగే అనాలనిపించింది. కారు కాడికి పోయి తలుపు తీస్తే ఆమె నా మీద పడిపోయింది. ఒళ్ళంతా చన్నీళ్ళు పోసినట్టు చల్లగా ఉండాది.

పిల్లోడు ఆనక కొన్ని దినాలకు ఫోన్ చేసినాడు. తిరిగి కూడా వచ్చినాడు, ఒక చెవి మాత్రం సరిగ్గా ఇనపడదు. అవ్వ ఇప్పటికీ ఉండాది, నేను మా ఊరికొచ్చేసినా వీడియోలో నా పులుసును తిడతా ఉంటాది. అందరూ బతికే ఉండాము, ఏమీ పోలేదు. అయినా కాలం అన్నిటినీ తనతో తీసుకొని పోతాదని ఎవురన్నా చెప్తే నేను నమ్మను. నా కాలంలో కొంచెం ఆ తోట మలుపు కాడే, ఇంజను ఆడతా, అద్దాలు మూసుకొని నిలబడుండాది. ఎవురో ఒకరు ఒట్టికాళ్ళతో పరిగెత్తుకుంటా పోయి తలుపు తీసేదాకా అది ముందుకి రాదు.