పదహారు కమాన్ల గుమ్మటం

అమెరికాలో, క్యారీలో మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో ఉండే పెద్దాయనది ఇరాన్‌లోని ఇస్ఫహాన్. అక్కడి బడిలో జ్యామితి చెప్పి రిటైరయ్యారు. ఆయన తండ్రి తాపీమేస్త్రి. ఆ ఊరి పాత జుమ్మా మసీదులో ఇటుకపని మరమ్మతులు చేసేవాడు. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌నని తెలిసిన రోజు నుంచీ పెద్దాయనకు నేను "మిస్టర్ ఇంజనీర్"నే. వాళ్ల దేశంలో అలా పిలవడం గౌరవమట.

శనివారం పొద్దున్నే ఆయన దగ్గరికి వెళ్లేవాణ్ణి. భోజనాల బల్ల మీద ఆ మసీదు ఉత్తరపు గుమ్మటానికి నమూనా కడుతుండేవారు. లోపల కనబడాలని ఒకవైపు గోడ వదిలేశారు. ఇటుకలు గోరంతవి, మట్టితో చేసి వంటింటి ఓవెన్‌లో కాల్చినవి. ఇస్ఫహాన్ అంటే నాకు నీలం పలకల మసీదుల ఫొటోలే తెలుసు. ఈ గుమ్మటం వాటికంటే కొన్ని వందల ఏళ్లు పాతది. రంగు లేదు, వట్టి ఇటుక.

"కింద గది నలుచదరం, పైన గుమ్మటం గుండ్రం. మధ్యలో ఏం చేస్తారు?" అని మొదటి రోజే నాకు పరీక్ష పెట్టారు. నేను కాగితం అడిగేలోపు ఆయనే చెప్పేశారు. నాలుగు మూలల్లో నాలుగు కమాన్లు వేస్తే గది ఎనిమిది ముఖాలవుతుంది. దాని మీద పదహారు చిన్న కమాన్లు. పదహారు ముఖాలంటే దాదాపు గుండ్రమే. ఇక గుమ్మటం బరువు కిందికి దారి వెతుక్కుంటుంది.

ఆయన తొందరంతా ఆ పదహారింటి గురించే. ఆయన భార్యకు గ్లకోమా. చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. మిగిలింది ఎన్నాళ్లుంటుందో డాక్టర్ చెప్పలేదు. ఆవిడ పెరిగింది ఆ మసీదు వెనక సందులోనే. చూపుండగానే ఆ గుమ్మటం ఆవిడకు ఇంకోసారి చూపించాలి.

కమాను వంపు సరిచూసుకోవడానికి ఆయన దగ్గర అరచేయంత చెక్క ఒకటుండేది. చిన్నప్పుడు పని నేర్పడానికి తండ్రి కోసి ఇచ్చినది. ఒక రోజు దాని అంచు మీద వేలు పోనిచ్చి, "ఎంత బాగుందండీ!" అన్నాను.

"మీదే. తీసుకోండి, మిస్టర్ ఇంజనీర్."

వద్దన్నాను. "మీ స్థాయికి తగినది కాదు, అయినా తీసుకోండి" అన్నారు. మళ్లీ వద్దన్నాను. మూడోసారి నా చొక్కా జేబులో పెట్టారు. మా ఇంట్లో నేర్పిన లెక్క ప్రకారం రెండుసార్లు కాదనాలి. మూడోసారీ కాదంటే ఇచ్చేవాళ్లు నొచ్చుకుంటారు. తెచ్చుకుని నా డెస్క్ మీద పెట్టుకున్నాను.

ఏ వారానికి ఎన్ని కమాన్లు లేచాయో ఫోన్‌లో రాసుకోవడం నా అలవాటు. చెక్క తెచ్చుకున్న రోజుకి ఏడు. తర్వాతి శనివారం ఏడు. ఆ తర్వాతా ఏడు. మూడో వారమూ ఏడే ఉంటే అడిగాను. ఇటుకలు ఇంకా ఆరలేదన్నారు. పక్కన డబ్బా నిండా కాలిన ఇటుకలున్నాయి. చెత్తబుట్టలో మాత్రం అట్టముక్కలు కనిపించాయి, అన్నీ ఒకే వంపుకి కోసినవి, అన్నింటి అంచులూ వంకరపోయినవి.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను.

"ఆయన పనిచేసుకునే చెక్క పట్టుకొచ్చేశావా!"

"మూడుసార్లు ఇచ్చారు."

"మా అమ్మమ్మ చీర బాగుందంటే 'నువ్వే కట్టుకోవే' అంటుంది. ఎవరైనా విప్పించుకుని పోతారా? లడ్డూకీ పనిముట్టుకీ ఒకటే రూలా బాబూ నీకు?"

"ఇప్పుడే వెళ్లి సారీ చెప్పి రిటర్న్ చేసేస్తా."

"అలా ఇస్తే చచ్చినా తీసుకోరు. ముందు ఆయనతో బాగుందనిపించు."

మళ్లీ కిందికి దిగాను. చెక్కని బల్ల మీద పెట్టి, ఆయన పోసిన టీ తాగుతూ కూర్చున్నాను. ఆయన కిటికీ వైపు చూశారు, గోడ వైపు చూశారు. చాలాసేపటికి, "మంచి చెక్క" అన్నారు.

"మీదే. తీసుకోండి."

"అయ్యో, ఎలా కుదురుతుంది?"

"మీ స్థాయికి తగినది కాదు, అయినా తీసుకోండి."

మళ్లీ తల అడ్డంగా ఊపారు. మూడోసారి ఆయన చొక్కా జేబులో పెట్టబోతే నా చేయి పట్టుకుని నవ్వేశారు. వంటింట్లోంచి ఆయన భార్య ఫార్సీలో ఏదో అన్నారు.

"ఈ ఇంజనీర్‌కి మూడు వారాలు పట్టిందా అంటోంది" అని చెప్పి, చెక్క అందుకున్నారు.

మిగతా తొమ్మిది కమాన్లూ, పైన గుమ్మటమూ ఆరు వారాల్లో పూర్తయ్యాయి. ఇటుకలు అందించడం నా వంతు. చివరి ఇటుక పెట్టిన పొద్దున నన్ను ఫోన్ టార్చ్ లోపలికి పట్టుకోమన్నారు. ఆవిడ కుర్చీ దగ్గరగా జరుపుకున్నారు. ఒకసారికి ఒక్క కమానే ఆ చూపులో పడుతుంది. తల కొద్దికొద్దిగా తిప్పుకుంటూ ఒక్కొక్కటే చూశారు. పదమూడో దాని దగ్గర ఆగి వేలు పెట్టారు.

"ఇది వంకర" అన్నారు, నాకూ తెలియాలని ఇంగ్లిష్‌లో.

నేను వంగి చూశాను. వంకరే. అర మిల్లీమీటరు ఉంటుందేమో.

"ఎక్కడ?" అన్నారు పెద్దాయన. ఆవిడ చూపించారు. "కనబడలేదు, ఇంకోసారి" అన్నారు. ఆవిడ విసుక్కుంటూనే మళ్లీ సరిగ్గా ఆ ఇటుక మీదే వేలు పెట్టారు. ఆయన కళ్లజోడు తుడుచుకుని, ఇటుకని కాక ఆవిడ కళ్లనే చూస్తూ, "ఏదీ, ఇంకొక్కసారి" అన్నారు.